ఆపే హక్కు

ఈమధ్య మా ఊరి రన్నింగ్ గ్రూపుల్లో ఒక ఫొటో తెగ తిరిగింది. వంద కిలోమీటర్ల పరుగు పూర్తి చేసిన ఒకాయన, మెడలో మెడల్, పక్కన భుజం మీద చెయ్యేసి ఆయన స్నేహితుడు. కింద కథ. డెబ్బయ్యో కిలోమీటరు దాటాక ఈయనకి వాంతులు పట్టుకున్నాయట. ఇక నా వల్ల కాదని కూలబడ్డాడట. ఆ స్నేహితుడు రెక్క పట్టుకుని లేపి, "నొప్పి కాళ్లలో లేదు, నీ బుర్రలో ఉంది, నడువ్" అని ముందుకు తోశాడట. వందల్లో లైకులు. ఫ్రెండంటే ఇలా ఉండాలి అని కామెంట్లు. నాకు కూడా ఇద్దరు ముగ్గురు పంపారు. పోయిన చలికాలం మావాడు, అంటే నా స్నేహితుడు, ఒక స్టేడియంలో 24 గంటల పరుగు పరిగెడితే వెంట ఉన్నది నేనేనని వాళ్లకి తెలుసు.

నాకా కథ నచ్చలేదు. ఆయన క్షేమంగా ఇంటికి చేరాడు, సంతోషం. కానీ వాంతులు చేసుకుంటున్న మనిషిని లేపి తోసే ముందు ఆ స్నేహితుడు ఏం చూశాడు? ఎంత తాగాడో లెక్క చూశాడా? ఎక్కడున్నావ్, టైమెంత అని అడిగితే సరిగ్గా చెప్పాడా? చూసే ఉండొచ్చు. కానీ అది కథలో లేదు, ఎవరూ అడగనూ లేదు. అంటే మన దృష్టిలో సపోర్టుగా వెళ్లినవాడి పని ఆపనివ్వకపోవడం, అంతే. నా ఉద్దేశంలో వాడి అసలు పని ఆపడం. రోజంతా ఆపాల్సిన అవసరం రాకపోవచ్చు, చాలాసార్లు రాదు కూడా. కానీ ఆ హక్కు వాడి చేతిలో ఉండాలి. అది పరుగుకి ముందే, పరిగెత్తేవాడే ఇచ్చి ఉండాలి.

ముందే చెప్పేస్తాను, నేను రన్నర్‌ని కాను. కేబీఆర్ పార్కు చుట్టూ నడిచి, నడిచినదానికి రెట్టింపు ఇడ్లీలు తినే బాపతు.

కుర్చీలో కూర్చున్నవాడి పని

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. దాన్ని దాటిన ప్రతిదీ అల్ట్రానే. మావాడు ఎంచుకున్నది దూరం కాదు, టైము. 24 గంటల్లో ఎంత వెళ్లగలిగితే అంత. మనసులో అనుకున్నది 160 కిలోమీటర్లు, అంటే 400 మీటర్ల ట్రాక్ మీద 400 ల్యాపులు. 2022లో ఇటలీలోని వెరోనాలో లిథువేనియా రన్నర్ అలెక్సాందర్ సోరోకిన్ ఇదే 24 గంటల్లో 319.614 కిలోమీటర్లు వెళ్లాడు. "నాది అందులో సగమే కదరా" అనేవాడు మావాడు, అదేదో చిన్న పని అన్నట్టు. వాళ్లమ్మగారు మాత్రం, "ఎవడు తరుముతున్నాడ్రా నిన్ను?" అని మొదటి రోజు అడిగిన ప్రశ్నకి ఇంకా జవాబు కోసం చూస్తున్నారు.

మూడున్నర, నాలుగు నిమిషాలకోసారి మనిషి మన ముందునుంచి పోతుంటాడు. అప్పుడు చేతికి ఏదో ఒకటి అందించాలి, లేదా ఖాళీ సీసా తీసుకోవాలి, లేదా మొహం చూడాలి. ఉప్పు చల్లిన ఉడికించిన ఆలుగడ్డలు, చిన్న కప్పుల్లో పెరుగన్నం, పులిహోర, అరటిపండు. రన్నర్లు శక్తి కోసం చప్పరించే తియ్యటి జెల్స్ మొదట్లో బానే పోతాయి. రాత్రి పదకొండు దాటేసరికి వాటి వాసనే పడలేదు. తొడలు ఒరుసుకుపోకుండా వాజెలిన్, బొబ్బలకి టేపు, తెల్లవారుజాము చలికి పొడి టీషర్టు. హైదరాబాద్ చలి ఏం చలి అంటారుగానీ, చెమటతో తడిసిన బట్టతో నెమ్మదిగా నడుస్తున్నవాడికి డిసెంబరులో ఆ టైముకి పళ్లు టకటకలాడతాయి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఒక నోటుబుక్కు. ఏ టైముకి ఏం తిన్నాడు, ఎంత తాగాడు, ఉప్పు ఎంత వెళ్లింది, టాయిలెట్‌కి ఎప్పుడు వెళ్లాడు, రంగేంటి. ఆసుపత్రిలో పేషెంటు పక్కన రాత్రిళ్లు కూర్చున్నవాళ్లకి ఈ పని కొత్త కాదు. ధైర్యం చెప్పడానికి పెద్ద డైలాగులేమీ అక్కర్లేదు. సెలైన్ ఎంత అయింది, నర్సు ఎప్పుడొచ్చింది అని చూసుకోవడమే సగం సేవ.

కొనుక్కొచ్చేటప్పుడు కూడా చదువుకుని కొనాలి. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా ఓఆర్‌ఎస్‌లో లీటరుకి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటాయి. మెడికల్ షాపుల్లో అదే పేరుతో పెట్టి అమ్మిన తియ్యటి డ్రింకులు ఎన్నో. వాటిమీద మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి కొట్లాడితే, 2025 అక్టోబరులో గానీ కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు అలా వాడొద్దని గట్టిగా చెప్పలేదు. ఆ గొడవ విన్నప్పటినుంచి నేను ప్యాకెట్ వెనక వైపు చదవకుండా ఏదీ కొనట్లేదు. విరేచనాలైన పసిపిల్లాడికైనా, పద్నాలుగు గంటలుగా చెమట కారుస్తున్న నలభై ఏళ్లవాడికైనా ఉప్పు తక్కువ, చక్కెర ఎక్కువ పడితే కష్టమే.

ఇరానీ హోటల్లో రాసుకున్న కాగితం

పరుగుకి వారం ముందు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర చాయ్ తాగుతూ మేమిద్దరం ఒక కాగితం రాసుకున్నాం. ఆలోచన నాది, చేతిరాత వాడిది. అది వాడి చేతిరాతలోనే ఉండాలని పట్టుబట్టాను.

కాగితంలో రెండు భాగాలు. మొదటిది, వాడు ఆపేస్తానన్నా నేను ఒప్పుకోకూడని సందర్భాలు. కాళ్ల నొప్పులు, బొబ్బలు, ఊడిన గోరు, నిద్ర, ఏడుపు, "ఇదంతా ఎందుకు" అనే వేదాంతం. వీటికి మందు తిండి, ఉప్పు, ఓ పదిహేను నిమిషాల కుర్చీ. ఆ తర్వాత కూడా ఆపేస్తానంటే అప్పుడు వాడిష్టం. రెండోది, వాడు పరిగెడతానన్నా నేను ఆపాల్సినవి. ఛాతీలో నొప్పి. మాట తడబడటం, ఉన్న చోటు, టైము చెప్పలేకపోవడం. మూత్రం కోలా రంగుకి రావడం, ఎందుకంటే కండరాలు చితికి ఆ చెత్తంతా కిడ్నీల మీద పడుతోందనడానికి అది గుర్తు. బరువు మొదలుపెట్టినప్పటికంటే ఒక కిలో పెరగడం.

చివరిదానికి మావాడు నవ్వాడు. "పరిగెత్తితే బరువు పెరుగుతారా? అయితే ఊళ్లో జిమ్ములన్నీ మూసుకోవాల్సిందే." కానీ అన్నిట్లోకి నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే, 13 శాతం మందిలో సోడియం, అంటే ఉప్పులో ఉండేదే, ఉండాల్సినదానికంటే తక్కువగా ఉంది. పరుగులో బరువు పెరిగినవాళ్లకే ఆ ముప్పు ఎక్కువని తేలింది. అంటే చెమటగా పోయినదానికంటే ఎక్కువ తాగినవాళ్లకి. అదే పరుగులో ఒక యువతి ఈ కారణంగానే చనిపోయింది. అంతసేపు శ్రమపడే ఒంట్లో నీళ్లు బయటికి పంపే వ్యవస్థ మందగిస్తుంది. తాగినవి తాగినట్టు లోపలే ఉండి రక్తాన్ని పలచన చేస్తాయి. వికారం, తలనొప్పి, తికమక వస్తాయి. ఒంట్లో నీళ్లు తగ్గినా దాదాపు ఇవే లక్షణాలు. మొహం చూసి తేడా కనిపెట్టడం కష్టం. తూకం మిషను కొంత చెప్తుంది. అందుకే మా సామానులో బాత్రూం తూకం కూడా వెళ్లింది. పక్క టెంటువాళ్లు దాన్ని చూసి ముసిముసిగా నవ్వారు.

వాంతుల కథ చదివి నాకు గుబులు పుట్టింది ఇందుకే. వాంతి చేసుకున్నవాడికి మనం మొదట చేసేది ఏంటి? గ్లాసుడు నీళ్లు ఇవ్వడం. ప్రేమ ఎక్కువైన కొద్దీ ఇంకో గ్లాసు.

తెల్లవారుజామున

రెండింటికి మావాడు వచ్చి కుర్చీలో పడ్డాడు. "నన్ను ఆపెయ్ మామా. ఇంటికి పోదాం." గొంతులో ఏడుపు. కాగితంలో మొదటి భాగం. నేను ఏమీ మాట్లాడకుండా ఆలుగడ్డలు, వేడి చారు ఇచ్చాను. సాక్సులు మార్చాను. కాసేపటికి వాడే లేచి, ఏదో మర్చిపోయినవాడిలా, "ఎన్నో ల్యాపు?" అని అడిగి వెళ్లిపోయాడు. ఆ ఫొటోలోని స్నేహితుడు చెప్పేదాంట్లో నిజమున్న సగం ఇది. ఆ టైములో మనిషికి వచ్చే నిరాశని నిజమైన నిర్ణయమని తీసుకోకూడదు. చక్కెర తగ్గి, నిద్ర తోసుకొస్తుంటే ఎవడైనా అలాగే మాట్లాడతాడు. అక్కడ ఆపేసి ఉంటే వాడు నన్ను క్షమించేవాడు కాదు, నేనూ క్షమించమని అడిగేవాణ్ని కాదు.

ఆ తర్వాత పక్క టెంటునుంచి ఒకాయన మంచి మనసుతోనే మోకాలి నొప్పికని ఐబుప్రొఫెన్ షీటు తెచ్చాడు. వద్దన్నాను. మావాడికి కోపం నషాళానికంటింది. "నువ్వేమన్నా డాక్టరువా?" కాను. చదివినవాణ్ని మాత్రమే. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో, 80 కిలోమీటర్ల పరుగులో ఐబుప్రొఫెన్ వేసుకున్నవాళ్లలో 52 శాతం మందికి కిడ్నీలు దెబ్బతిన్న లక్షణాలు కనిపించాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 34 శాతం మందికి. మాత్ర లేకుండానే ముగ్గురిలో ఒకరికి అంటే ఆ పరుగే కిడ్నీలకి ఎంత బరువో చూడండి. ఇదంతా అప్పుడు వాడికి చెప్పలేదు. తెల్లవారుజామున మూడింటికి శాతాలు వినే ఓపిక ఎవరికుంటుంది? షీటు తీసి జేబులో పెట్టుకున్నాను. వాడు రెండు ల్యాపులు నావైపు చూడకుండా పోయాడు.

ఇంతలో వాళ్లావిడ ఫోను. "ఎలా ఉన్నారన్నయ్యా? నీళ్లు తాగుతున్నారా? బాగా తాగించండి." వలంటీర్లదీ అదే మాట. ఎదురైన ప్రతివాడిదీ అదే మాట. మావాడు కూడా మంచి పిల్లాడిలా సాయంత్రం ఎండలో తాగినంతే చలి రాత్రీ తాగుతున్నాడు. నోటుబుక్కులో అది కనిపిస్తూనే ఉంది. నాలుగింటికి ముందు సీసా తీసుకుంటుంటే వేలి ఉంగరం మీద కన్ను పడింది. చుట్టూ కండ ఉబ్బి, ఉంగరం లోపలికి కూరుకుపోయినట్టుంది. తిప్పితే తిరగలేదు. తూకం మీదకెక్కమన్నాను. మొదలుపెట్టినప్పటికంటే కిలో దాటి ఉంది.

"నేను బానే ఉన్నా. పక్కకి జరుగు." అదీ వాడి మాట. నిజంగానే అప్పటికి రాత్రంతటిలోకి వాడు బాగా కనిపిస్తున్నాడు. కాస్త తలనొప్పి, అంతే. కాగితం తీసి చూపించాను. వాడి చేతిరాతే. తిట్టుకుంటూ మెడికల్ టెంటుకి వచ్చాడు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు చేతులు, కాళ్లు నొక్కి చూసి, ప్రశ్నలేవో అడిగి, నీళ్లు పూర్తిగా ఆపేయమన్నాడు. ఉప్పు బాగా వేసిన చారు కొంచెం కొంచెంగా, టాయిలెట్‌కి వెళ్లి బరువు దిగేదాకా కుర్చీ. గంటకి పైనే పట్టింది. వాడు మళ్లీ ట్రాక్ ఎక్కేసరికి తెల్లారింది. సాయంత్రం హారన్ మోగేసరికి 151 కిలోమీటర్లు.

దీనికి ఎదురు మాటలు

మావాడి లెక్క సూటిగా ఉంది. పోయిన ఆ టైములో ఇరవై ల్యాపులు, అంటే 8 కిలోమీటర్లు. 151కి 8 కలిపితే 159. "ఆ ఒక్క కిలోమీటరు పాక్కుంటూనైనా పోయేవాణ్ని." ఏడాదిపాటు నాలుగింటికి లేచి, ఆదివారాలు గండిపేట దాకా వెళ్లి పరిగెత్తింది వాడు. కుర్చీలో కూర్చుని ఆలుగడ్డలు తిన్నది నేను. (నిజమే, సగం ఆలుగడ్డలు నేనే తిన్నాను.) ఆ టెంటులో రక్తపరీక్ష లేదు. కాబట్టి వాడికి సోడియం నిజంగా తగ్గిందో లేదో ఎప్పటికీ తెలియదు. ఇక్కడే చిక్కంతా. ముందుకు తోసినవాడికి మెడల్ సాక్ష్యం చెప్తుంది. ఆపినవాడికి సాక్ష్యం ఉండదు. ఏమీ జరగలేదు కాబట్టి, ఏమీ జరిగేది కాదు అంటారు.

ఇంకా గట్టి వాదన ఒకటుంది. పెద్దమనిషి, తన ఒళ్లు, తన ఇష్టం. చాయ్ తాగుతూ కాగితం రాసిన మనిషికి, తెల్లవారుజామున వద్దు అంటున్న మనిషి మీద ఏం అధికారం? రెండోవాడికి తెలిసిన నొప్పి, ఆశ మొదటివాడికి తెలియవు కదా. నేను దీన్ని చాలాసార్లు తిప్పితిప్పి చూశాను. నా దగ్గరున్న జవాబు ఒకటే. నిద్రలేని ఆ టైములో దెబ్బతినేది కాళ్లు మాత్రమే కాదు, లెక్క వేసుకునే శక్తి కూడా. రక్తంలో సోడియం పడిపోతే తికమక మొదట ఆ తికమక పడేవాడికే తెలియకపోవచ్చు. అందుకే ఆ నిర్ణయం బయటివాడి చేతిలో ఉండాలి. ఆ బయటివాణ్ని ఎన్నుకునేది మాత్రం పరిగెత్తేవాడే.

కానీ ఆపేవాడు భయస్థుడైతే? 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో, ఆడవాళ్లకి పెట్టిన మొట్టమొదటి ఒలింపిక్ మారథాన్‌లో, స్విట్జర్లాండ్ రన్నర్ గాబ్రియేలా ఆండర్సన్-షీస్ ఒక పక్కకి ఒరిగిపోతూ స్టేడియంలోకి వచ్చింది. టీవీలో చూసినవాళ్లందరికీ ఆవిడ పడిపోతుందనే అనిపించింది. ఆ ఆఖరి ల్యాపుకి ఆరు నిమిషాలకి దగ్గరగా పట్టింది. ఎవరైనా ముట్టుకుంటే డిస్‌క్వాలిఫై. డాక్టర్లు పక్కనే నడుస్తూ చూశారు. చెమట పడుతోంది, అంటే ఒళ్లు ఇంకా చల్లబరుచుకోగలుగుతోంది. వదిలేశారు. 37వ స్థానంలో లైను దాటింది, కొద్ది గంటల్లోనే కోలుకుంది. నేనైతే ఆపేసేవాణ్నేమో. ఈ ఉదాహరణ నా వాదనకి అడ్డం వస్తుందని అనుకున్నాను మొదట. కానీ ఆ డాక్టర్లు చేసింది చూడండి. చప్పట్లు వినలేదు, ఆవిడ అవస్థ చూసి కంగారూ పడలేదు. ఒక గుర్తు కోసం చూశారు, అది కనిపించింది, వదిలారు. కనిపించకపోతే పట్టుకునేవాళ్లు. నేను కోరేది కూడా అంతే. మొహంలో బాధని బట్టి కాదు, ముందే అనుకున్న గుర్తుల్ని బట్టి.

ఇంకో మాట. స్నేహితుడు ఎంత జాగ్రత్తపరుడైనా నిర్వాహకుల బాధ్యత వాడి నెత్తిన పెట్టకూడదు. 2021 మే 22న చైనాలోని గాన్సూలో 100 కిలోమీటర్ల కొండ పరుగులో 172 మంది బయల్దేరారు. వడగళ్లు, గడ్డకట్టే వాన, ఈదురుగాలి ఒక్కసారిగా విరుచుకుపడి 21 మంది చనిపోయారు. వాళ్లలో అక్కడి పేరున్న రన్నర్లు కూడా ఉన్నారు. ఆ కొండ మీద జూ కెమింగ్ అనే గొర్రెల కాపరి తాను తలదాచుకున్న గుహలోకి ఆరుగురిని చేర్చి, మంటేసి బతికించాడు. గుహలో చేరినవాళ్లు పరుగు వదిలేసుకున్నారు, బతికారు. కాలిఫోర్నియా డెత్ వ్యాలీలో జూలై ఎండలో జరిగే 217 కిలోమీటర్ల బ్యాడ్‌వాటర్ పరుగులో సపోర్టు మనుషులు లేకుండా అసలు పరిగెత్తనివ్వరు. మన దగ్గర అల్ట్రాలు పెట్టేవాళ్లు కనీసం తూకం మిషను, ఆపే అధికారం ఉన్న ఒక డాక్టరు, రాత్రి మూడింటికి కూడా మెలకువగా ఉండే ఒక టెంటు పెట్టాలి. టీషర్టు క్వాలిటీ మీద జరిగే చర్చలో పదో వంతు వీటిమీద జరిగితే చాలు.

ఈ చలికాలానికి మావాడు మళ్లీ పేరిచ్చాడు. సపోర్టుకి వేరేవాణ్ని చూసుకుంటాడేమో అనుకున్నాను, నన్నే అడిగాడు. అడుగుతూ కొత్త కాగితం ఫొటో తీసి పంపాడు. ఛాతీ నొప్పి, తడబాటు, కోలా రంగు అలాగే ఉన్నాయి. మాత్రల సంగతి వాడే కొత్తగా చేర్చాడు, ఎవరిచ్చినా తీసుకోనని. బరువు దగ్గర మాత్రం కిలో కొట్టేసి కిలోన్నర అని రాసి, పక్కన "డాక్టరు కూడా సరే అనాలి" అని పెట్టాడు. డాక్టరు మాటకి నేను వెంటనే ఒప్పుకున్నాను. కిలోన్నర దగ్గర బేరం ఇంకా నడుస్తోంది. వాళ్లావిడ అరకిలో అంటోంది.